ట్రిపనోసోమాకు తన గుంపు పెరిగిందని ఎలా తెలుస్తుంది?

ఆఫ్రికాలో నిద్ర జబ్బు తెచ్చే ట్రిపనోసోమా బ్రూసీ అనే ఏకకణ పరాన్నజీవి రక్తంలో రెండు రూపాల్లో తిరుగుతుందండీ. సన్నగా పొడుగ్గా ఉండేది సుమారు ఆరు గంటలకోసారి రెండుగా చీలుతుంది. పొట్టిది విభజన ఆపేసి, తనను ఇంకొకరికి చేర్చే సెట్సీ ఈగ కోసం కాచుకుంటుంది. మూడు రోజుల్లో ఈగ కడుపులో పడకపోతే దాని పని అయిపోయినట్టే. అన్నీ సన్నవిగానే ఉండి చీలుతూ పోతే, ఈగ వచ్చేలోపే మనిషో పశువో చచ్చిపోతుంది.

మరి ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది? ఇవి పెప్టిడేజ్ ఎంజైములను బయటికి వదులుతాయి. అవి రక్తంలోని ప్రొటీన్లను కొరికి చిన్న పెప్టైడ్ ముక్కలు చేస్తాయి. గుంపు చిక్కబడేకొద్దీ ముక్కలు పేరుకుంటాయి. కబురు పరాన్నజీవిది, సరుకు మాత్రం మనది! ముక్కలను లోపలికి లాగేది కణం పైపొరలోని జీపీఆర్89 అనే ప్రొటీన్. ఎడిన్‌బరోలో కీత్ మాథ్యూస్ బృందం 2019లో దీన్ని బయటపెట్టింది. అక్కడితో ఆగకుండా ఈ.కోలై బ్యాక్టీరియాలో పెప్టైడ్లు మోసే ప్రొటీన్‌ను తెచ్చి ట్రిపనోసోమాలో పెట్టారు. దానితోనూ కణాలు పొట్టి రూపానికి మళ్లాయి. నన్నడిగితే అసలు రుజువు అదే.

పశువుల్లో ఉండే ట్రిపనోసోమా కాంగోలెన్సే వదిలే సంకేతాన్ని కూడా బ్రూసీ పట్టేస్తుంది. రెండూ ఒకే జంతువులో ఉంటే బ్రూసీ తొందరగా పొట్టిదవుతుంది.

ల్యాబులో పెంచేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. హెచ్‌ఎంఐ-9 మాధ్యమం (కణాలు పెంచే పోషక ద్రవం), 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు దాటనిస్తే సన్నవి మారిపోతాయి కాబట్టి రోజూ లెక్కపెట్టి పలచన చేయాలి. పొట్టిదయిందా లేదా అన్నది ఆకారం చూసి తేల్చకండి, పొట్టి రూపానికి గుర్తయిన పీఏడీ1 ప్రొటీన్‌కు యాంటీబాడీ వేసి చూడండి.

ఇంకో చిక్కుంది. ఎలుక నుంచి ఎలుకకు సిరంజితో అదేపనిగా ఎక్కిస్తూ పోతే, ఆగకుండా చీలేవే గెలుస్తాయి. కొన్నాళ్లకు కబురు వినని రకం మిగులుతుంది. దాన్ని పొట్టి రూపానికి మళ్లించే ప్రయోగం చేస్తే ఏమీ రాదు, తప్పు మాధ్యమానిదని అనుకుంటారు.

మన పశువుల్లో సర్రా తెచ్చే ట్రిపనోసోమా ఇవాన్సీకీ దాదాపు ఇదే జరిగింది. దానికి సెట్సీ ఈగ అక్కర్లేదు. జోరీగ మూతికంటిన రక్తమే సిరంజి పని చేసిపెడుతుంది. అందుకే సర్రా పశువు రక్తపు స్లైడులో మీకు పొట్టి రూపం కనబడడం అరుదు.