ప్రాచీన ఘనా: ఉప్పు మీద పన్ను, బంగారం మీద పట్టు

నమస్కారం. ముందు మ్యాప్ చూడండి. ఇవాళ్టి ఘనా దేశం ఇదిగో, సముద్రం ఒడ్డున. మనం మాట్లాడుకోబోయేది దీని గురించి కాదు. ప్రాచీన ఘనా ఇంకా చాలా పైన, సహారా అంచున, ఇప్పటి మౌరిటానియా, మాలి దేశాల్లో ఉండేది. దాన్ని ఏలింది సోనింకే ప్రజలు.

ఇప్పుడు దాని చుట్టూ ఏముందో గమనించండి. ఉత్తరాన ఎడారిలో ఉప్పు గనులు. దక్షిణాన, సెనెగల్ నది వైపు బంబుక్‌లో బంగారం. బంగారం దొరికే చోట ఉప్పుకి కరువు. ఎడారి అవతల మొరాకో వైపు నాణేలు ముద్రించడానికి బంగారం కావాలి. అందుకే అక్కడి సిజిల్మాసా అనే వ్యాపార పట్టణం నుంచి ఒంటెల బిడారులు దాదాపు రెండు నెలలు నడిచి ఇక్కడికి వచ్చేవి. ఈ ఇద్దరి మధ్యలో కూర్చున్నాడు ఘనా రాజు!

ఆయన ఏం చేశాడంటే, రాజ్యంలోకి వచ్చే ప్రతి గాడిద మోత ఉప్పుకీ ఒక బంగారు దీనారం పన్ను వేశాడు. అదే ఉప్పు బయటికి పోతే రెండు దీనారాలు. అంటే సరుకు ఊరికే దాటిపోయినా ఖజానాకి మూడు దీనారాలు. ఈ లెక్కలు మనకి చెప్పింది స్పెయిన్‌లోని కార్డోబాలో ఉండి 1068లో రాసిన అల్-బక్రీ అనే భూగోళ రచయిత. ఆయన ఎప్పుడూ ఘనాకి వెళ్లలేదు, వెళ్లొచ్చిన వాళ్ల మాటల్ని పోగుచేశాడు. అయినా ఆ కాలం గురించి ఇంత వివరం ఇంకెక్కడా దొరకదు.

నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించే నియమం ఇంకొకటుంది. గనుల్లో దొరికే బంగారు ముద్దలన్నీ రాజువే. పొడి మాత్రం జనం ఉంచుకోవచ్చు. అలా చేయకపోతే బంగారం కుప్పలుగా పోగై విలువ పడిపోతుందని అల్-బక్రీయే కారణం చెప్పాడు. వెయ్యేళ్ల కిందటే మార్కెట్‌లోకి ఎంత సరుకు రావాలో రాజు నిర్ణయిస్తున్నాడన్నమాట.

ఈ డబ్బే సైన్యమైంది. రాజు రెండు లక్షల మందిని యుద్ధానికి దింపగలడని, అందులో 40,000 మంది విలుకాళ్లని అల్-బక్రీ రాశాడు. ఆ అంకె పెంచి చెప్పిందే కావచ్చు. కానీ బిడారు దారిలో దోపిడీ భయం లేకపోతేనే వ్యాపారి వస్తాడు, వ్యాపారి వస్తేనే పన్ను వస్తుంది. సైన్యం అవసరం అక్కడుంది.

దారి చేజారితే ఏమవుతుందో కూడా ఘనా చూసింది. 1054 ప్రాంతంలో అల్మొరావిడ్లు, అంటే సహారా ఎడారికి చెందిన బెర్బర్ ముస్లిం యోధులు, ఔదఘస్త్ అనే వ్యాపార పట్టణాన్ని పట్టుకున్నారు. తర్వాత నైజర్ నది ఎగువన బూరే బంగారు గనులు ముందుకొచ్చాయి, బిడారులు తూర్పు దారి పట్టాయి. ఆ దారి మాలి రాజుల చేతికి ఎలా వచ్చిందో తర్వాతి వీడియోలో చూద్దాం.