వేషం మిగిలింది, మాట ఏది?

(తిరుపతిలో హాస్యనటుల సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన కాలేజీ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకటే దండం.

రేలంగి గారి గురించి, రమణారెడ్డి గారి గురించి, మన సీమ బిడ్డ పద్మనాభం గారి గురించి మాట్లాడాలని కాగితాలు రాసుకొచ్చాను. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టి, అందరినీ నవ్వించి, 1967లో సొంతంగా తీసిన సినిమాతో బాలసుబ్రహ్మణ్యం గారిని గాయకుడిగా మనకిచ్చిన మనిషి పద్మనాభం. ఆయన మీద ఒక పూటంతా మాట్లాడొచ్చు. కానీ ఇందాక ఒక మిత్రులు మన చిత్తూరు ఎంపీగా చేసిన డాక్టర్ నారమల్లి శివప్రసాద్ గారి పేరెత్తి, "సరదా మనిషి, పార్లమెంటులో వేషాలేసి అందరినీ నవ్వించారు" అని ఒక్క మాటలో తేల్చేశారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఈ కాగితాలు పక్కన పెట్టక తప్పడం లేదు.

శివప్రసాద్ గారు చదివింది వైద్యం. సినిమాల్లో నటించారు, సినిమాలు తీశారు. విలన్ వేషానికి నంది అవార్డు అందుకున్నారు. సత్యవేడు ఎమ్మెల్యేగా, మంత్రిగా, 2009 నుంచి 2019 దాకా ఎంపీగా పనిచేశారు. 2019 సెప్టెంబర్ 21న చెన్నైలో కన్నుమూశారు. ఆయన పార్టీ ఏది, మన పార్టీ ఏది అన్నది ఈ హాలు బయట చూసుకుందాం. రాష్ట్రాన్ని విడదీసేటప్పుడు, తర్వాత ప్రత్యేక హోదా కోసం, ఆయన రకరకాల వేషాల్లో పార్లమెంటు ఆవరణలో నిలబడ్డారు. నారదుడిగా వచ్చారు. రాముడిగా వచ్చారు. 2018 ఆగస్టులో హిట్లర్‌గా వచ్చారు. టీవీల వాళ్లు ఇవాళ ఏ వేషం అని చూపించారు. ఆ వేషం వేసుకుని ఏం అడుగుతున్నాడన్నది చూపించింది తక్కువ. మన ఊళ్లో చదువుకున్నవాళ్లు కూడా, ఎంపీ గారికి ఇదేం పని, జిల్లా పరువు తీస్తున్నాడు అన్నారు. టీ అంగడి దగ్గర ఆ మాట నేను చెవులారా విన్నాను.

తిరుపతి వాళ్లు ఆ మాట అనొచ్చునా? మీరే చెప్పండి. ప్రతి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మనం చూస్తున్నదేమిటి? పాలెగాడు ఆడవాళ్లను చెరబడుతుంటే అమ్మ వాడి మీదికి పోయింది, వాడు దాక్కున్నాడు. వాణ్ణి బయటికి లాగడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. దేనికీ వాడు చిక్కలేదు. చివరికి దొర వేషం కట్టుకుని వస్తే, దొర వచ్చాడనుకుని బయటికొచ్చాడు, చచ్చాడు. అందుకే కదా మన పిల్లలు ఇవాళ్టికీ ఒంటికి బొగ్గు పూసుకుని, వేపమండ పట్టుకుని, నోటికొచ్చినట్టు తిడుతూ వీధుల్లో తిరిగేది! మనం నవ్వుతాం, అయినా చేతులెత్తి మొక్కుతాం. ఎదురుగా రాని ఏలికను ఎదురుగా రప్పించడానికి కట్టేది వేషం. శివప్రసాద్ గారు ఢిల్లీలో చేసిన పని నా దృష్టిలో ఇదే. ఢిల్లీకి గంగజాతర తెలియదు, నవ్వి ఊరుకుంది. మనకు తెలుసు గదా, మనమెందుకు ఊరుకున్నాం?

నవ్వు అందరికీ ఒకటే అంటారు. నేను ఒప్పుకోను. మా పక్క ఎండాకాలంలో ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. చిన్నప్పుడు మా ఊరి భారతానికి వచ్చే మేళంలో ఒక హాస్యగాడు ఉండేవాడు. బఫూన్ అనేవాళ్లం. రాజు రాకముందు తెర దగ్గర వాడే నిలబడాలి. కాలు ఈడ్చుకుంటూ నడిస్తే ముందు చాపల మీది పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. అత్తాకోడళ్ల సంగతి ఎత్తితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. అరవ పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఒక పక్కగా కూర్చుంటే, అదే మాటను అరవంలో ఇంకోరకంగా తిప్పి, మొదటి నవ్వు ఆగకముందే అక్కడ రెండో నవ్వు పుట్టించేవాడు.

ఒక రాత్రి ముందు కుర్చీలో ఒక ఆఫీసరు కూర్చున్నాడు. దుర్యోధనుడు భుజకీర్తులు సర్దుకుంటూ, నా రాజ్యం ఎట్లా ఉందిరా అని అడిగాడు. హాస్యగాడు చేతులు కట్టుకుని, "చెరువులో నీళ్లు లేవు సామీ, నీటి తీరువ మాత్రం నిండుగా ఉంది" అన్నాడు. వెనక నేల మీద కూర్చున్న రైతులు గొల్లున నవ్వారు. కుర్చీల్లోని పెద్దమనుషులు నవ్వలేదు. అందరూ ఆఫీసరు మొహం చూశారు. ఆయన మీసం కదిలింది, నవ్వాడు. అప్పుడు కుర్చీలన్నీ నవ్వాయి. హాస్యగాడు ఆగలేదు. కుర్చీల వైపు తిరిగి, "ఇప్పుడు మీక్కూడా అర్థమైందా మామా!" అన్నాడు. నేల మీదివాళ్లు రెండోసారి నవ్వారు, ఈసారి ఇంకా జాస్తిగా. ఒకే మాటకు మూడు నవ్వులు. ఆకలి తెలిసినవాడు ముందు నవ్వాడు, అధికారం ఉన్నవాడు ఆలోచించి నవ్వాడు, నడిమివాడు అనుమతి దొరికాక నవ్వాడు. ఇది ఏ పుస్తకంలోనూ చదివి చెప్పడం లేదు. చాప మీద కూర్చుని చూశాను.

ఆ మనిషికి మేళంలో దక్కేది తక్కువ. రాజు పార్టు కట్టినవాడికి ఎక్కువ, ఆడవేషానికి అంతకు కాస్త తక్కువ, ఈయనది ఆఖరు వాటా. తెల్లవార్లూ జనాన్ని నిద్రపోనీయకుండా కూర్చోబెట్టింది మాత్రం ఆయనే. ఇంకో సంగతి. పెద్దయ్యాక ఆ మేళం వాళ్ల నాటకం నోటుబుక్కు నా చేతికొచ్చింది. దుర్యోధనుడి పద్యాలు ఉన్నాయి, ద్రౌపది దరువులు ఉన్నాయి. హాస్యగాడు వచ్చే ప్రతిచోటా ఒకటే రాసి ఉంది: 'ఇక్కడ హాస్యం'. అంతే. ఒక్క మాట రాసుకోలేదు. ఎవరూ రాసుకోరు కూడా, ఏ రాత్రి ఏ జనం వస్తే వాళ్లకు తగ్గట్టు ఆ పూటకు పుట్టే మాటలవి. మనిషితో పాటు పోయాయి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

చాప్లిన్ 1940లోనే హిట్లర్ వేషం కట్టి తెర మీద నిలబడ్డాడు. ఫిల్ము దాచారు కాబట్టి ఇవాళ మన పిల్లలు కూడా చూస్తున్నారు. మన హాస్యగాడికి మాట పోయింది. శివప్రసాద్ గారికి ఫొటో మిగిలింది, మాట పోయింది. ఫోన్లలో ఆయన నారదుడి ఫొటో కింద నవ్వే బొమ్మలు పెట్టి పంపుకుంటున్నాం. రెండూ ఒకే నష్టం. రెండింటికీ మనమే బాధ్యులం.

వెనక నిలబడిన పిల్లలూ, మీకే చెబుతున్నా. శివప్రసాద్ గారి వేషం ఫొటో ఈసారి మీ చేతికొస్తే, అది ఏ రోజుది, ఆ రోజు ఆయన అడిగిందేమిటి అని వెతికి, కింద రాసి పంపండి. పార్లమెంటు రికార్డులు ఉన్నాయి, పేపర్లు ఉన్నాయి, దొరుకుతుంది. ఇక వచ్చే ఎండాకాలం మీ ఊళ్లలో భారతాలు మొదలవుతాయి. పద్యాలు ఎవరైనా రికార్డు చేస్తారు. మీరు హాస్యగాడు తెర దగ్గరికి వచ్చినప్పుడు ఫోను తీయండి. ఆయన్ని ఒక్కణ్ణే కాదు, ఎదురుగా కూర్చున్న జనాన్ని కూడా తీయండి, ఎవరు ముందు నవ్వారో తెలియాల. పాత నోటుబుక్కులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే తెచ్చివ్వండి, కాపీ తీసుకుని తిరిగి మీకే ఇచ్చేస్తాం. సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను, ఊరి పేరు, మేళం పేరు చెప్పి పోండి.