ఆర్ఎన్ఏ స్ప్రే: శిలీంధ్రం లోపలికి తీసుకుంటేనే పని

[దృశ్యం: విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో వరి పొలం. కెమెరా నేరుగా దుబ్బు మొదట్లోకి.]

ఈ దుబ్బును చేత్తో కాస్త విడదీసి చూడండి. నీటికి కొంచెం పైన, ఆకు తొడుగు మీద బూడిద రంగు మచ్చలు, చుట్టూ గోధుమ రంగు అంచు. పాముపొడ తెగులు. ఇక్కడ ఆవగింజంత గోధుమ రంగు ఉండలు కూడా ఉన్నాయి. ఇవి నీళ్ళ మీద తేలుతూ పక్క దుబ్బును పట్టుకుంటాయి. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం రైజోక్టోనియా సొలానీ.

దీనికి మనవాళ్ళు ఎక్కువగా కొట్టేది హెక్సాకొనజోల్. అసలు ఆ మందు చేసే పనేంటి? శిలీంధ్రం తన కణాల పొర కట్టుకోవాలంటే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. దాని తయారీకి సిప్51 అనే ఎంజైమ్, అంటే కణంలో పని చేసిపెట్టే ప్రోటీన్, ఉండాలి. మందు వెళ్ళి ఆ ఎంజైమ్‌కి అతుక్కుని పని ఆపేస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ ఎంజైమ్‌లో ఒక్క చిన్న మార్పు వచ్చినా కొన్ని శిలీంధ్రాలు మందును తట్టుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు డోసు పెంచడం, ఖర్చు పెరగడం, టెన్షన్.

[దృశ్యం: బొమ్మ. కణం లోపల డీఎన్ఏ, దాని నుంచి బయటికొచ్చే మెసెంజర్ ఆర్ఎన్ఏ.]

ఎంజైమ్ తయారయ్యాక దాన్ని ఆపే బదులు, అసలు తయారు కానివ్వకపోతే? ఎంజైమ్ పుట్టాలంటే ముందు దాని సమాచారం డీఎన్ఏ నుంచి మెసెంజర్ ఆర్ఎన్ఏ అనే నకలుగా రావాలి. దానికి సరిపోయే రెండు పోగుల ఆర్ఎన్ఏను కణంలోకి పంపితే, కణంలోనే ఉన్న డైసర్ అనే ఎంజైమ్ దాన్ని 21 అక్షరాలు (ఆర్ఎన్ఏ పోగులో ఒక్కో పూసను ఒక అక్షరం అంటారు), అటూఇటుగా ఉండే ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల ఆధారంగా కణమే తన మెసెంజర్ ఆర్ఎన్ఏను వెతికి నరికేస్తుంది. అంటే శిలీంధ్రం కత్తితో శిలీంధ్రాన్నే కోయించడం! ఈ పద్ధతిని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో ఒక చిన్న పురుగులో చూపించారు. 2006లో నోబెల్ వచ్చింది.

2016లో జర్మనీ పరిశోధకులు సిప్51 జన్యువుల మీదే గురిపెట్టి, 791 అక్షరాల ఆర్ఎన్ఏను బార్లీ ఆకుల మీద చల్లారు. ఫ్యుసేరియం శిలీంధ్రం ఎదుగుదల తగ్గింది. చల్లిన చోటే కాదు, అదే ఆకులో చల్లకుండా వదిలేసిన భాగంలో కూడా! అదే ఏడాది అమెరికాలో హైలింగ్ జిన్ అనే శాస్త్రవేత్త బృందం టమాటాలు, స్ట్రాబెర్రీలు, గులాబీ రేకుల మీద ఇలాగే చల్లి బూడిద బూజును తగ్గించింది. మొక్క డీఎన్ఏ జోలికి పోలేదు కాబట్టి ఇది జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు.

అయితే ఉత్సాహపడే ముందు ఒక్క సంగతి వినండి. నా లెక్కలో ఈ వీడియోకి ప్రాణం ఇదే.

[దృశ్యం: మైక్రోస్కోపులో కనిపించే తీరుగా గీసిన బొమ్మ. శిలీంధ్రం పోగుల లోపల మెరిసే ఆకుపచ్చ రంగు.]

మెరిసే రంగు కలిపిన ఆర్ఎన్ఏను రకరకాల శిలీంధ్రాలకు ఇచ్చి చూశారు. జిన్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ఇది. మన పాముపొడ శిలీంధ్రం దాన్ని చక్కగా లోపలికి తీసుకుంది. కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ మాత్రం ముట్టనే లేదు. అదెవరో తెలుసా? మామిడికి మచ్చ తెగులు తెచ్చేది. అంటే వరికి ఆశ ఉంది. మామిడి తోట ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోకూడదు. కాబట్టి 'ఆర్ఎన్ఏ మందు వచ్చిందట' అని ఎవరైనా అంటే, ఏ పంటకి, ఏ శిలీంధ్రానికి అని అడగండి.

రెండో చిక్కు మన వాన. ఉత్త ఆర్ఎన్ఏ ఎండకి, తడికి, సూక్ష్మజీవులకి త్వరగా పాడైపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఇక చెప్పేదేముంది! దీనికి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు సన్నని మట్టి పలకల్లాంటి నానో కణాల మీద ఆర్ఎన్ఏను పట్టించారు. ఆకు కడిగినా అది పోలేదు. 2017లో వాళ్ళు చూపించింది వైరస్ తెగులు మీద. ఒక్కసారి చల్లితే కనీసం 20 రోజుల రక్షణ.

మరి మార్కెట్లో? అమెరికాలో 2023 డిసెంబరులో లెడ్‌ప్రోనా అనే ఆర్ఎన్ఏ స్ప్రేకి అనుమతి వచ్చింది. కానీ అది బంగాళదుంప ఆకులు తినే పెంకు పురుగుకి, తెగులుకి కాదు. పైగా ల్యాబులో ఆ పురుగు ఆర్ఎన్ఏను కూడా తట్టుకోగలదని ఇప్పటికే చూశారు.

[దృశ్యం: మళ్ళీ పొలం. చేతిలో స్ప్రేయర్ నాజిల్, దుబ్బు మొదటికి వంచి.]

ఈలోగా ఈ పొలానికి చేయాల్సింది: గట్ల మీద గడ్డి తీసేయడం, యూరియా ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా వేయడం. మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు. మందు పై ఆకుల మీద కాదు, ఇదిగో, ఇక్కడ మొదలు తడవాలి. 'ఆర్ఎన్ఏ' అని రాసి ఉన్న సీసా ఎవరైనా ఇస్తే, ముందు లేబుల్ మీద కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. అనుమానం ఉంటే అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడగొచ్చు.