షాక్ కాలర్ రివ్యూ అడిగారు కదా, ఇదిగో!

నమస్తే అండీ. షాక్ కాలర్ రివ్యూ చెయ్యమని చాలా రోజులుగా కామెంట్లలో అడుగుతున్నారు. కుక్కలకి వేసేవి టేబుల్ మీద నాలుగున్నాయి: లాగితే మెడకి బిగుసుకునే గొలుసు అయిన చోక్ చైన్, మెడవైపు ముళ్లుండే ముళ్ల కాలర్, బటన్ నొక్కితే మెడకి కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్, ఒంటి చుట్టూ పట్టీలతో ఛాతీ దగ్గర రింగు ఉన్న హార్నెస్. కుక్కకి తొడిగేది హార్నెస్ ఒక్కటే. కాలర్లు రెండూ నా చేతి మీదే టెస్ట్ చేశాను.

చోక్ చైన్ టెస్ట్ చెయ్యక్కర్లేదు, దీంతో నాకు పాత పరిచయం. నా మొదటి కుక్కకి ట్రైనర్ ఇదే వేయించాడు. "లాగితే ఒక్క జర్క్ ఇవ్వండి, అదే దారికొస్తుంది" అన్నాడు. వచ్చింది కూడా. వారంలో లాగడం మానేసింది, నేను పొంగిపోయాను. ఆ తర్వాత ఒకరోజు కొక్కేనికున్న గొలుసు తీస్తుంటే, ఆ గలగల చప్పుడుకి మంచం కిందకి దూరిపోయింది. వాకింగ్ అంటే తలుపు దగ్గర గంతులేసిన కుక్క అది. దాన్ని బయటికి రప్పించడానికి నేల మీద బోర్లా పడుకోవాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే "పనిచేస్తుందా" అని అడిగితే నేను ఒప్పుకుంటాను, పనిచేస్తుంది. నొప్పి పెడితే ఎవరైనా ఆగుతారు. పనిచేస్తున్నంతసేపూ కుక్క చెవులు, తోక, నోరు ఎలా ఉన్నాయో మాత్రం ఎవరూ చూడరు.

ఇక ముళ్ల కాలర్. ముంజేతికి చుట్టుకుని లాగాను, గుర్తులు ఇవిగో. తల్లి కుక్క పళ్లతో పట్టుకున్నట్టే ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఏ తల్లి కుక్కా పిల్లకి లీష్ కట్టి వీధంతా నడిపించదు కదండీ! అసలు ప్రమాదం వేరే ఉంది. ఎదురుగా ఇంకో కుక్క కనపడింది, మనవాడు మొరిగాడు, మెడలో ముళ్లు గుచ్చుకున్నాయి. వాడికి తెలిసిందేంటి? ఆ కుక్క వస్తే నొప్పి వస్తుందని. గుర్రుమన్నందుకు శిక్షిస్తే గుర్రుమనడం మానేస్తాడు. అంటే కరిచే ముందు వచ్చే హెచ్చరిక పోయినట్టే. జర్మనీలో ట్రైనింగ్‌లో ముళ్ల కాలర్ల వాడకాన్ని 2022 నుంచి నిషేధించారు.

షాక్ కాలర్ తక్కువ లెవల్లో చీమ కుట్టినట్టుంది. పెంచేసరికి చెయ్యి దానంతటదే ఎగిరింది. అయినా నాకు ఇది న్యాయమైన టెస్ట్ కాదు. బటన్ నా వేలి కింద ఉంది, ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. కుక్కకి తెలియదు. వేల్స్‌లో 2010లోనే దీన్ని నిషేధించారు. పిలిస్తే రావడం నేర్పాలంటే ఇదే గతి అంటారు కదా? బ్రిటన్‌లో 63 కుక్కలతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, బహుమతులతో నేర్చుకున్నవి ఏమాత్రం వెనకబడలేదు.

అదే ఏడాది పోర్చుగల్‌లో 92 కుక్కల మీద చేసిన పరిశోధన వచ్చింది. అందులో గిన్నె టెస్ట్ నాకు భలే నచ్చింది. ఒక పక్క పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో పక్క పెడితే ఉండదు. మరి మధ్యలో పెడితే? శిక్షలు ఎక్కువ వాడే ట్రైనింగ్ స్కూళ్ల కుక్కలు దాని దగ్గరికి నెమ్మదిగా వెళ్లాయి. ఏముంటుందిలే అన్నట్టు.

చాలా దేశాల్లో ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లోనే, దూకుడు కుక్కలకి కూడా బహుమతి పద్ధతులే వాడమని చెప్పింది. కానీ అది సలహా, చట్టం కాదు. కాబట్టి మీరే అడగండి: "తప్పు చేస్తే ఏం చేస్తారు? నేను పక్కనే నిలబడి చూడొచ్చా?" జవాబుగా "మీరు ఆల్ఫా అవ్వాలి", అంటే గుంపు నాయకుడిలా కుక్కని అదుపులో పెట్టాలి అని చెబితే, లీష్ పట్టుకుని ఇంటికొచ్చేయండి. ఆ ఆల్ఫా కథ బోనుల్లో పెట్టిన తోడేళ్లని చూసి 1947లో రాసినదాన్నుంచి పుట్టింది.

చివరగా హార్నెస్. లాగితే ఛాతీ రింగు వల్ల వాడు పక్కకి తిరుగుతాడు, అంతే. నేర్పేది హార్నెస్ కాదు, లీష్ వదులుగా ఉన్నప్పుడు నా కాలి పక్కన అందే ట్రీట్. మూడు వారాలు పట్టింది, నాకు విసుగు కూడా వచ్చింది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. నేను బిగించేశాను, చంక దగ్గర బొచ్చు ఊడింది చూడండి. పదికి ఏడు మార్కులు.

మిగతా మూడింటికీ మార్కులు వెయ్యను. గొలుసు పాత ఇనుముకి వేసేస్తాను. కాలర్లు రెండూ వెనక్కి పంపేస్తున్నాను.