ఇంట్లో పాటలు రికార్డు చేయాలంటే ఏ ల్యాప్‌టాప్, ఏ హార్డ్ డిస్క్?

అందరికీ నమస్తే, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. బతుకమ్మ పండుగ దగ్గరపడుతుంటే మన దిక్కు ఊరికొక పాట తయారవుతుంది. ప్రతిసారీ హైదరాబాద్ పోయి స్టూడియోకి గంటల లెక్కన కిరాయి కట్టే బదులు ఇంట్లోనే ఒక గది చూసుకుందామని చాలామంది అనుకుంటున్నారు, ఆ వెంటనే "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనాలె, హార్డ్ డిస్క్ ఎన్ని టీబీది తీసుకోవాలె" అని అడుగుతున్నారు. ఈ వీడియోలో ఆ రెండే మాట్లాడతా. మైకు సంగతి ఇంకోసారి.

ముందే చెప్తున్నా, పాటల రికార్డింగ్‌కి గేమింగ్ ల్యాప్‌టాప్ వద్దు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సీటీసీకి పోయినా, ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర దుకాణంలో అడిగినా, మ్యూజిక్ కోసం అనగానే రంగురంగుల లైట్ల కీబోర్డున్నది తెచ్చి ముందు పెట్టి, గ్రాఫిక్స్ కార్డు పెద్దది సార్ అంటారు. మీ గొంతుకి, డప్పుకి ఆ కార్డుతో దాదాపు పనే లేదు, ఆడియో పనంతా చేసేది ప్రాసెసర్, ర్యామ్. కార్డు దండగ అయితే అయింది, దాన్ని చల్లబరచడానికి పెట్టిన ఫ్యాన్లున్నాయి చూడండి, అసలు తలనొప్పి అవి.

స్టూడియోలో కంప్యూటర్ అద్దం అవతల ఉంటుంది, మన ఇంట్లో పాడే మనిషి పక్కనే ఉంటుంది. మే నెల ఎండలో, అందులోనూ పైన రేకులున్న గదిలో, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి తలుపు మూసి రికార్డు మొదలుపెడితే కాసేపటికే ల్యాప్‌టాప్ బుస్సుమంటుంది, కండెన్సర్ మైకు (సన్నటి శబ్దాన్ని కూడా పట్టే రకం) ఆ చప్పుడును అస్సలు వదలదు. డప్పు వాయిస్తే అది వినపడదు, డప్పు మోతలో మునిగిపోతుంది. కానీ కిన్నెర రికార్డు చేసి చూడండి. పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర, 2022లో దర్శనం మొగులయ్య గారికి పద్మశ్రీ వచ్చాక చాలామందికి తెలిసిన వాద్యం, దాని తీగ మోత సన్నగా ఉంటుంది కాబట్టి గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) పెంచాల్సిందే, గెయిన్ పెంచితే ఫ్యాన్ చప్పుడూ పెరుగుతుంది. తర్వాత నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే ఫ్యాన్‌తో పాటు కిన్నెర కూడా సగం పోతుంది.

అందుకే డబ్బులు పెట్టగలిగినవాళ్లకి నేను చెప్పేది మ్యాక్‌బుక్ ఎయిర్. 2020 చివర్లో ఎం1 చిప్‌తో వచ్చినప్పటి నుంచి అందులో ఫ్యానే లేదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, చాలా ఇంటర్‌ఫేస్‌లు (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే డబ్బాలు) పెట్టగానే పనిచేస్తాయి. సెకండ్‌హ్యాండ్ ఎం1లు ఎక్కువగా 8 జీబీ ర్యామ్‌వే కనిపిస్తాయి, ర్యామ్ తర్వాత పెంచడం కుదరదని గుర్తుపెట్టుకోండి. గొంతు, కోరస్, డప్పు, కొంచెం కీబోర్డు వరకైతే 8 నడుస్తుంది. వయొలిన్లు, ఆర్కెస్ట్రా అంటూ పెద్ద శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసిపెట్టిన వాద్యాల శబ్దాలు) పెట్టేవాళ్లు 16కి తగ్గకండి. ఇంకోటి, ఫ్యాన్ లేదు కాబట్టి బాగా వేడెక్కితే తనే స్పీడు తగ్గించుకుంటుంది, ప్లగిన్లు (ఎకో లాంటి ఎఫెక్టులు ఇచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) దండిగా వేసి మిక్సింగ్ చేసేటప్పుడు అది తెలుస్తుంది.

విండోస్ అయితే ఈమధ్య వచ్చిన ఐ5 గానీ రైజెన్ 5 గానీ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్), చాలు. ప్రాసెసర్ పేరు చివర 'యూ' ఉన్నవి తక్కువ కరెంటుతో నడుస్తాయి, 'హెచ్' ఉన్నవాటికంటే మామూలుగా చప్పుడు తక్కువ. కొన్నాక ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవరే (విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించేది) వేసుకోండి. పాడేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసి పంపే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ పెట్టండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ బఫర్ ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, అదే 1024 పెడితే 21 దాటుతుంది, హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే వెనకబడి వినిపించి తాళం తప్పుతారు. 1024 మిక్సింగ్ అప్పుడు పెట్టుకోండి. టప్ టప్‌మని చిటపటలు వస్తే ఇంకా ఖరీదైన మెషీన్ కావాలేమో అని పరేషాన్ కావద్దు, లేటెన్సీమాన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ డ్రైవర్ అడ్డుపడుతుందో చూపిస్తుంది, చాలాసార్లు అది వైఫైది. రికార్డింగ్ అప్పుడు వైఫై ఆపండి. ఇక హమ్, అంటే గుయ్యిమనే మోత, వస్తుంటే చార్జర్ తీసి వినండి, పోయిందంటే తప్పు చాలావరకు ఎర్తింగ్‌దే. పాత ఇళ్లల్లో ఇది మామూలే, ఆ ఒక్క టేకు బ్యాటరీ మీద కానిచ్చేయండి.

హార్డ్ డిస్క్ దగ్గర మాత్రం జనం అనవసరంగా భయపడుతున్నారు. లెక్క చూడండి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో ట్రాకు ఒక నిమిషానికి 8.6 ఎంబీ. ఇరవై ట్రాకులు, ఐదు నిమిషాల పాట, మొత్తం 870 ఎంబీ లోపే. ఇరవై ట్రాకులు ఒకేసారి రాస్తున్నా సెకనుకి 3 ఎంబీ కూడా కాదు, మామూలు పోర్టబుల్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ రాయగలదు. కాబట్టి వేగంగా తిరిగే 7200 ఆర్‌పీఎం డిస్క్ కోసం ఎక్కువ పెట్టకండి. ఎస్ఎస్‌డీ నిజంగా కావాల్సింది శాంపిల్ లైబ్రరీలకి, అక్కడ వేల చిన్న ఫైళ్లు ఒకేసారి చదవాలి, తిరిగే డిస్క్ అక్కడ ఆయాసపడుతుంది. బండి మీద దేవరకొండకో కల్వకుర్తికో పోయి రికార్డు చేసేవాళ్లు కూడా ఎస్ఎస్‌డీయే తీసుకోండి, కింద పడితే తట్టుకునే అవకాశం ఎక్కువ.

నేనైతే రికార్డింగ్ ల్యాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలోనే చేసి, ఆ రాత్రే బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తా, లోపలిది తీసేయను. ల్యాప్‌టాప్‌లో తీసేసి డిస్క్‌లో ఒక్కటే ఉంచితే అది బ్యాకప్ కాదు. మీ దగ్గర విండోస్, మిక్సింగ్ చేసే తమ్ముడి దగ్గర మ్యాక్ ఉంటే డిస్క్‌ని రెండింటిలోనూ నడిచే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ మామూలుగా చదువుతుంది కానీ రాయదు. ఎజెక్ట్ కొట్టకుండా మాత్రం పీకొద్దు.

ఇంకా, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు 16 టీబీ ఎస్ఎస్‌డీ అని కనిపిస్తే ముట్టుకోకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి కంప్యూటర్‌కి 16 టీబీ అని అబద్ధం చెప్పించేవి ఉన్నాయి, కాపీ అయినట్టే ఉంటుంది, తెరిస్తే పాట ఉండదు. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తం నింపి చూడండి, టైం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. తేడా వస్తే పొద్దున్నే రిటర్న్ కొట్టండి.