గౌతమీపుత్రుడి గురించి మనకు చెప్పిందెవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు చర్చ శాతవాహన రాణుల మీద. మేడమ్, గౌతమీపుత్ర శాతకర్ణిని ‘త్రిసముద్రతోయపీతవాహనుడు’, అంటే తన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగినవాడు, అని బళ్లో అందరం బట్టీ పట్టాం. ఆ మాట అసలు ఎవరిది?

చరిత్ర అధ్యాపకురాలు: వాళ్లమ్మది. గౌతమీ బాలశ్రీది. మనవడు పులుమావి పాలన 19వ ఏట నాసిక్ గుహలో వేయించిన శాసనంలో ఉంది. గుహను బౌద్ధ భిక్షువులకు దానమిస్తూ, క్షహరాతులనే శక రాజవంశాన్ని కొడుకు తుడిచిపెట్టిన సంగతి, వంశం పరువు నిలబెట్టిన సంగతి అన్నీ రాయించింది. ఆ శాసనమే లేకపోతే ఆయన గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. అయినా పాఠమంతా కొడుకుదే, అమ్మది ఒక్క మార్కు ప్రశ్న. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

శాసన పరిశోధకుడు: అదే గుహలో ఇంకో శాసనం ఉంది, అది ఇంకా ముఖ్యం. గౌతమీపుత్రుడి 24వ ఏటిది. భిక్షువులకు ముందు ఇచ్చిన పొలం సాగులో లేదు, అక్కడి ఊరూ ఖాళీగా ఉంది. దానికి బదులు పట్టణం పొలిమేరలో ఉన్న రాజుగారి పొలంలోంచి 100 నివర్తనాలు (అప్పటి భూమి కొలత) ఇవ్వమని నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని అమాత్యుడికి, అంటే అధికారికి, ఉత్తర్వు వెళ్లింది. రాజు ఒక్కడి తరఫునే కాదు, రాజమాత తరఫున కూడా! ‘జీవసుత’, అంటే కొడుకు బతికి ఉన్న తల్లి అని రాశారు. ఇది భక్తి కాదండీ, పరిపాలన. పొలం లెక్క.

వ్యాఖ్యాత: తల్లి పేరు ముందు పెట్టుకున్నారు కాబట్టి మాతృస్వామ్యం అనొచ్చా సార్?

పరిశోధకుడు: అనకూడదు. గద్దె తండ్రి నుంచి కొడుక్కే. గౌతమి, పులుమావి తల్లి వాసిష్ఠి అన్నవి గోత్రాన్ని బట్టి వచ్చిన పేర్లు.

అధ్యాపకురాలు: నాగానికను మర్చిపోవద్దు. మొదటి శాతకర్ణి రాణి. కొంకణ తీరం నుంచి జున్నార్ వైపు ఎక్కే నానేఘాట్ కనుమలో ఆవిడ శాసనం ఉంది. అశ్వమేధం లాంటి యాగాలు, వాటికి దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాలనే నాణేలు, అన్నీ అంకెలతో సహా. మన దేశంలో అంకెలు కనిపించే బాగా పాత శాసనాల్లో అదొకటి. భర్త పేరుతో పాటు ఆవిడ పేరూ ఉన్న నాణెం కూడా దొరికింది.

వ్యాఖ్యాత: మరి మన తెలుగు నేల మీద?

అధ్యాపకురాలు: శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ నాగార్జునకొండలో బౌద్ధ మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది. రాజు వీరపురుషదత్తుడికి ఆవిడ మేనత్త. ఆ లోయ సాగర్ నీళ్లలో మునిగింది. సెలవుల్లో పిల్లల్ని లాంచీ ఎక్కించి ఆ కొండకి తీసుకెళ్తాం కదా, నాగార్జునుడి గురించి చెప్పేటప్పుడు ఈ మేనత్త గురించి కూడా చెప్పండి.