పాత ప్రతుల్లో దెయ్యాల వేట: గోతిక్ పరిశోధన ఎక్కడ బోల్తా పడుతుంది

హోస్ట్: నమస్కారం. గోతిక్ సాహిత్యం, అంటే పాత కోటలూ దెయ్యాలూ భయాలూ నిండిన కథల మీద పరిశోధన మొదలుపెట్టినవాళ్లు, పెడదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఇది చివరిదాకా వినండి. ఇవాళ సిద్ధాంతాల జోలికి పోవడం లేదు. పాత నవల చేతికొచ్చిన మొదటి నెలలోనే జరిగే పొరపాట్ల గురించే మాట్లాడుకుందాం. మేడమ్, ఎక్కణ్నుంచి మొదలుపెడదాం?

గెస్ట్: మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్ నుంచే. అందరూ చదివామనే అంటారు. ఏ ఏడాది ప్రతి చదివారని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. 1818 జనవరిలో అది మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా 500 కాపీలు వచ్చింది. 1831లో మేరీ షెల్లీయే బాగా దిద్ది, ఒకే సంపుటంగా తెచ్చారు.

హోస్ట్: దిద్దడమంటే భాష నునుపు చేయడమేనా?

గెస్ట్: కాదండీ, కథలో చుట్టరికాలే మారిపోయాయి. 1818లో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురు. 1831కి వచ్చేసరికి ఇటలీలో కనబడితే తెచ్చి పెంచుకున్న పిల్ల. ఆ ఇంట్లో రక్తసంబంధాల మీద వాదన కట్టి, ఉదాహరణలేమో 1831 ప్రతి నుంచి తీస్తే మొదటికే మోసం. ఇంకో గొయ్యి 1818 ముందుమాట. "నేను" అంటూ రచయిత గొంతుతోనే సాగుతుంది గానీ రాసింది మేరీ భర్త పెర్సీ షెల్లీ. అందులోని వాక్యాన్ని మేరీ అభిప్రాయంగా ఉటంకించిన థీసిస్‌ని పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

హోస్ట్: రెండు ప్రతుల్లో అధ్యాయాల సంఖ్యలు కూడా కుదరవు కదా?

గెస్ట్: కుదరవు. 1818లో ప్రతి సంపుటంలోనూ ఒకటో అధ్యాయం మళ్లీ మొదలవుతుంది. మొదటి దాంట్లో 7, రెండో దాంట్లో 9, మూడో దాంట్లో 7, మొత్తం 23. 1831లో మొదటి అధ్యాయాన్ని పెంచి రెండుగా విడగొట్టారు కాబట్టి వరసగా 24. అందుకని చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. ముందు సంపుటాల అధ్యాయాలన్నీ కూడి, మీక్కావలసిన అధ్యాయం సంఖ్య వేసి, పైన ఒకటి కలపాలి. విక్టర్ తయారుచేసిన ప్రాణి తన కథ చెప్పడం మొదలుపెట్టేది 1818లో రెండో సంపుటం, మూడో అధ్యాయం. ఏడూ మూడూ పది, దానికి ఒకటి కలిపితే 1831లో పదకొండో అధ్యాయం. పాత వ్యాసాల్లోని పేజీ నంబర్లు వెతికి విసిగిపోయినప్పుడు ఇదే దారి చూపిస్తుంది.

హోస్ట్: ఇంత తేడా ఉన్న పుస్తకాలు ఇంకా ఉన్నాయా?

గెస్ట్: లూయిస్ రాసిన ది మాంక్ ఉంది. 1796లో వచ్చి గగ్గోలు పుట్టించింది. 1798 నాటి నాలుగో ముద్రణకి లూయిస్ తనే కత్తెర వేసుకున్నాడు. ఆ గగ్గోలు గురించి రాస్తూ నాలుగో ముద్రణ చదివితే, అసలు గొడవకి కారణమైన భాగాలే కనబడవు. వాల్‌పోల్ ది క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటోది మరో చిక్కు. 1764 డిసెంబరులో మార్కెట్‌లోకి వచ్చింది, టైటిల్ పేజీ మీద మాత్రం 1765 అని ఉంటుంది. పైగా అది పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని బొంకాడు. "గోతిక్ కథ" అనే ఉపశీర్షిక 1765 నాటి రెండో ముద్రణలోనే చేరింది. "1764లో వాల్‌పోల్ తన నవలని గోతిక్ అన్నాడు" అని రాస్తే ఆ ఒక్క వాక్యంలోనే తప్పు.

హోస్ట్: సరే, ఇప్పుడు డేటాబేస్‌లకి వద్దాం. పద్దెనిమిదో శతాబ్దం పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. ఒక మాట కొట్టి వెతికితే సరిపోదా?

గెస్ట్: అక్కడే అసలు దెయ్యం ఉంది! ఆ కాలపు అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే చిన్న ఎస్‌ని పొడుగ్గా వేసేవారు. చూడ్డానికి అచ్చం ఎఫ్‌లా ఉంటుంది. ఎఫ్‌కి అడ్డగీత నిలువుగీతకి రెండు వైపులా ఉంటుంది. పొడుగు ఎస్‌కి ఉంటే గింటే ఎడమ పక్కన చిన్న మొన. మన కంటికే తడబాటు, స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కి ఇంకేం తెలుస్తుంది? ఎఫ్ అని రాసేస్తుంది. "ఘోస్ట్" అని వెతికారనుకోండి, స్కాన్ చేసిన పాఠంలో అది జి, హెచ్, ఓ, ఎఫ్, టి అయి కూర్చుంటుంది. క్యాసిల్‌ది కూడా అదే గతి. ఫలితాలు సున్నా వస్తాయి, మనమేమో ఈ నవలలో దెయ్యమే లేదని తేల్చేస్తాం.

హోస్ట్: మరి ఏం చేయాలి?

గెస్ట్: ప్రతి మాటనీ రెండు స్పెల్లింగులతో వెతకాలి, ఎస్‌తో ఒకసారి, ఎఫ్‌తో ఒకసారి. మాట చివర ఎస్‌నీ పెద్దక్షరం ఎస్‌నీ మామూలుగానే వేసేవారు, వాటితో పేచీ లేదు. దగ్గరి స్పెల్లింగులనీ పట్టుకునే ఫజీ సెర్చ్ ఉంటే వాడండి గానీ చెత్త కూడా వస్తుంది. ఏదైనా మాట ఏ దశకంలో ఎన్నిసార్లు వచ్చిందని గ్రాఫ్ గీసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 1800కి అటూ ఇటూ ముద్రాపకులు పొడుగు ఎస్ మానేశారు. దాంతో గ్రాఫ్‌లో ఆ మాట ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది సాహిత్యంలో వచ్చిన మార్పు కాదు, అచ్చు అక్షరాల్లో వచ్చిన మార్పు.

హోస్ట్: "గోతిక్" అనే మాటతో కేటలాగ్ వెతకొచ్చా?

గెస్ట్: వెతికితే దొరికేవి కొన్నే. ఆ రోజుల్లో ఈ నవలల మీద ఎక్కువగా "రొమాన్స్" అనే వేసుకునేవారు. ఆన్ ర్యాడ్‌క్లిఫ్ నవల, 1794లో వచ్చిన ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫోకి కూడా ఉపశీర్షిక అదే. కాబట్టి "రొమాన్స్", "టేల్", "మిస్టరీ" లాంటి మాటలతో వల వేసి, తరవాత ఏరుకోవాలి. రచయిత పేరు గడిని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 1819లో పత్రికలో వచ్చిన వాంపైర్ కథని రాసింది పాలిడోరీ అయినా, కవి బైరన్ పేరుతోనే వేశారు. అందుకే బైరన్ పేరు కింద కూడా చూడాలి.

హోస్ట్: చవక పుస్తకాల సంగతి?

గెస్ట్: బ్లూబుక్‌లు. నీలం అట్ట, 36 లేదా 72 పేజీలు, ధర ఆరు పెన్నీలో షిల్లింగో. పెద్ద నవలని కుదించి, పాత్రల పేర్లు మార్చి దించేసినవి చాలా ఉంటాయి. "ఇది కొత్త కథ" అనే ముందు పేర్లు పక్కనపెట్టి సంఘటనల వరసని పోల్చి చూడండి. నా మటుకు గోతిక్‌ని నిజంగా ఎవరు చదివారో తెలియాలంటే ఇవే ముఖ్యం. పరిశోధకులు చిన్నచూపు చూసేదీ వీటినే.

హోస్ట్: చివరగా బ్రామ్ స్టోకర్ నవల డ్రాక్యులా. మనుషుల్ని కొర్రులకెక్కించిన వ్లాద్ అనే రాజు కథే కదా అది?

గెస్ట్: అదిగో, అందరూ అనేది అదే! స్టోకర్ సొంత నోట్స్ ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉన్నాయి. వందకు పైగా పేజీలు, 2008లో ఫ్యాక్సిమిలీ, అంటే ఉన్నదున్నట్టు అచ్చేసిన నకలు కూడా వచ్చింది. మొదట కథాస్థలం ట్రాన్సిల్వేనియా కాదు, ఆస్ట్రియాలోని స్టిరియా. దొర పేరు "కౌంట్ వాంపైర్". 1890లో ఇంగ్లండ్‌లోని విట్‌బీ గ్రంథాలయంలో స్టోకర్ రొమేనియా వైపున్న పాత రాజ్యాలు వలేకియా, మోల్దావియాల గురించి విల్కిన్సన్ అనే ఆయన రాసిన పుస్తకం చూశాడు. అందులో డ్రాక్యులా అనే మాట, వలేకియా భాషలో దానికి సైతానని అర్థమనే ఫుట్‌నోట్ కనిపించాయి. నోట్స్‌లో వాటిని ఎత్తి రాసుకున్నాడు, పాత పేరు కొట్టేసి ఇది పెట్టాడు.

హోస్ట్: అంటే వ్లాద్ గురించి ఆ నోట్స్‌లో...

గెస్ట్: వ్లాద్ అనే పేరే లేదు. మనుషుల్ని కొర్రులకెక్కించిన సంగతీ లేదు. ఆ ముడి 1972లో వచ్చిన ఒక పుస్తకంతో జనంలోకి పాకింది. మీ వ్యాసంలో ఆ పోలిక వాడాలనుకుంటే వాడండి, కానీ స్టోకర్ ఉద్దేశమని రాయకండి, ఇరవయ్యో శతాబ్దపు పాఠకులు కట్టిన కథ అని రాయండి.